ఏ అత్తయ్య చేను?

"అసలు నువ్వు ఎవరి కొడుకువిరా?"

చేను గట్టున నిలబడి, పదిమందీ వింటుండగా కన్నతల్లే అడిగింది. అడిగించుకున్నవాడు నలభై దాటిన వరికోత మిషన్ డ్రైవరు.

శ్రమజీవి అనగానే కళ్లు ఒత్తుకునేవాళ్లకు ఈయన పనికిరాడు. పద్దెనిమిదేళ్లుగా డ్రైవరు సీట్లో కూర్చుని, ఇష్టమైన పని చేసుకుంటూ హాయిగా లావెక్కాడు. బెల్టు జారితే చప్పుడును బట్టి ఏ బెల్టో చెప్పేస్తాడు. మనుషుల మాటలే సగం సగం వినిపిస్తాయి.

ఆ రోజు మబ్బు కమ్ముకొస్తోంది. వాన పడేలోపు ఒక్క చేనే కోయగలడు. భార్య ఫోన్ చేసింది.

"ముందు అత్తయ్య చేను కోసెయ్యండి!"

"ఏంటీ?"

"అత్తయ్యదండీ, అత్తయ్యది!"

"సరేలే, చెవులు చిల్లులు పడుతున్నాయి."

ఆమెకు అత్తయ్య అంటే ఈయన తల్లి. ఈయనకు అత్తయ్య అంటే ఆమె తల్లి. పెళ్లయిన పదిహేనేళ్లలో ఈ చిక్కు ఇద్దరికీ తట్టలేదు. మిషన్ తిన్నగా అత్తగారి చేలో దిగి, రెండు గంటల్లో గుండు కొట్టేసింది. గింజ పచ్చిగా ఉందని తెలియలేదా? తెలిసింది. అత్తగారికి ఏం తొందరొచ్చిందో, మనకెందుకులే అనుకున్నాడు.

అత్తగారు పరిగెత్తుకొచ్చింది. "ఇంకో వారం ఆగాల్సిన చేను! ఎవరు కోయమన్నారు బాబూ?"

"మీ అమ్మాయే."

అంతలో వాన దిగింది. పక్కనే బాగా పండి నిలబడ్డ తల్లి చేను చాప పరిచినట్టు పడుకుంది. ఆ ప్రశ్న అప్పుడొచ్చింది.

"నీ కొడుకునేనమ్మా. ఆవిడకి అల్లుణ్ని కూడా కదా!"

"అయితే అన్నం కూడా ఆవిణ్నే పెట్టమను, పో."

నాలుగు రోజులకు నేల ఆరింది. చిక్కుపడ్డ జుట్టు దువ్వినట్టు, పడిపోయిన పైరును మెల్లగా లేపుతూ కోసి, మూడొంతులు దక్కించాడు. తల్లి కిరాయి మొత్తం లెక్కపెట్టి ఇచ్చింది, మొహం మాత్రం చూడలేదు. ఆ సాయంత్రమే మిషన్ యజమాని మీటరు చూసి, అత్తగారి చేలో తిరిగిన రెండు గంటల కిరాయి సంగతి తేల్చమన్నాడు.

"నేను కోయమన్నానా?" అంది అత్తగారు.

ఇంటికొచ్చి భార్యనడిగాడు. "ఇంకెవరిస్తారు? అత్తయ్యే ఇవ్వాలి" అంది ఆమె.

ఈసారి బుద్ధిగా అడిగాడు: "ఏ అత్తయ్య?"

ఆమె ఇంకా ఆలోచిస్తోంది. యజమానికి ఐదు వేలు ఇంకా రావాలి.