మూడో డబ్బా దాకా బతికినవాళ్లు

విక్ అనే ఊళ్లో అసుంప్తా పేరు ఎవరికీ పెద్దగా తెలియదు. ఎవరు ఏ మందు కొన్నారు, ఎన్నాళ్లు బతికారు అన్న రికార్డులు చూస్తూ ముప్పై ఏళ్లు ఆఫీసులో గడిపిన మనిషి. రోగుల్ని చీటీలు వేసి రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు మందిచ్చి చూసే పరీక్షకు ఏళ్లు పడుతుంది. మందు పనిచేస్తుందా లేదా అన్న జవాబేదో ఉన్న రికార్డుల్లోంచే రాబట్టాలని ఆవిడ పంతం. పంతం మంచిదే, తొందరే కొంప ముంచింది.

గుండె బలహీనపడినవాళ్లకిచ్చే ఒక మాత్రను ఆవిడ పట్టుకుంది. మందుల షాపులో మూడు డబ్బాలు కొన్నవాళ్లు వాడినట్టు, మిగతావాళ్లు వాడనట్టు లెక్కవేసింది. వాడినవాళ్లలో చావులు సగమే! ఆనందం పట్టలేక తమ్ముడు ఎవ్దాల్ట్ ఇంటికి పరుగెత్తింది. అతను వేసుకునేదీ ఆ మాత్రే మరి.

ఎవ్దాల్ట్ సాసేజీలు చేసి చేసి రిటైరైనవాడు. భార్య పోయింది. అక్టోబరులో కొండ మీదికి పుట్టగొడుగుల కోసం వెళ్లడమొక్కటే అతనికి మిగిలిన సరదా. మాత్ర మొదలైన దగ్గర్నుంచి తల తిరుగుతోంది. ఇబ్బందైతే మానేసి చూద్దామని డాక్టరు కూడా అన్నాడు. అక్క ఒప్పుకుంటేనా!

"గోడ పట్టుకుని నడవాల్సొస్తోందక్కా. మానేస్తానే."

"నోర్మూసుకుని వేసుకోరా. వేసుకున్నవాళ్లు బతుకుతున్నారు, నా చేత్తో లెక్కేశాను."

"అబ్బో, నీ లెక్కలకి శ్మశానాలు మూసేస్తారేమో!"

తల తిరిగేవాడికి కొండేమిటని ఆవిడ బుట్ట కూడా లాక్కుపోయింది. ఒక అక్టోబరు అలా పోయింది. రెండో అక్టోబరులో ఎవ్దాల్ట్ ఎన్నడూ అనని మాట అన్నాడు.

"ఈసారి నువ్వూ రా అక్కా. మెల్లగా పోదాం. నా చోటు నీకు చూపిస్తా."

ఆ కొండల్లో పుట్టగొడుగులు దొరికే చోటు పెళ్లానికి కూడా చెప్పరు. అంతటి మాటను అసుంప్తా చేత్తో తోసేసింది.

"చోటెక్కడికి పోతుందిరా? ఇంకా పదేళ్లుంటావు. వచ్చే ఏడు చూపిద్దువుగాని."

క్రిస్మస్‌కు వారం ముందు అతని గుండె ఆగిపోయింది.

ఈస్టర్ వెళ్లాక, పక్క బల్ల దగ్గర పనిచేసే రెమెయ్ ఆ పాత లెక్కను తిరగేసి అడిగింది.

"ఏమే, యాభయ్యో పెళ్లిరోజు చేసుకున్నవాళ్లు ఎక్కువకాలం బతుకుతారంటే నమ్ముతావా?"

"బతికుంటేనే కదటే చేసుకునేది!"

"మరి మూడో డబ్బా కొనాలంటే?"

అసుంప్తా పాత లెక్కను ముందుకు లాక్కుంది. డబ్బా మూడు నెలలొస్తుంది, మూడోది కొనేసరికి ఆర్నెల్లవుతుంది. మొదటి డబ్బా కొని రెండో నెలలో పోయినవాళ్లందర్నీ తను వాడనివాళ్లలో పడేసింది. అటు చావులు పెరగక ఏం చేస్తాయి?

ఇద్దరూ మొదటికొచ్చారు. నిజంగా పరీక్షే పెడితే ముందు ఏం రాసుకుంటారో అదంతా కాగితం మీద పెట్టారు: ఎవరు చేరవచ్చు, ఏది మొదటి రోజు, ఆ రోజు డాక్టరు మాత్ర రాశాడా లేదా. రాయించుకున్నవాడు మర్నాడే మానేసినా అదే జట్టు. మొదటి రోజు నుంచి ప్రతి చావూ లెక్కే. వయసు, జబ్బు తీవ్రత చూసి రెండు జట్లనూ సమానం చేశారు. ఆ పద్ధతిలో పాత రికార్డులనే మళ్లీ లెక్కేస్తే జూన్‌లో తేలింది. చావులు రెండు జట్లలోనూ ఒక్కలాగే ఉన్నాయి. తల తిరగడం మాత్రం మాత్ర జట్టులోనే ఎక్కువ.

"మాత్ర నీ తమ్ముణ్ణి చంపలేదుగా," అంది రెమెయ్ భుజం మీద చెయ్యేసి.

"బతికించనూ లేదు. వాడికి మిగిలిన రెండు అక్టోబర్లూ నా లెక్క పాలయ్యాయే."

పాత లెక్క తప్పని రాసి, కింద తన పేరే పెట్టింది. అక్టోబరు రాగానే తమ్ముడి బుట్ట తీసుకుని కొండెక్కింది. మధ్యాహ్నం దాకా పైన్ చెట్ల కింద వెతికినా ఒక్క పుట్టగొడుగూ కనబడలేదు. ఎదురుగా ఒక ముసలాయన నిండు బుట్ట మీద గుడ్డ కప్పుకుని దిగుతున్నాడు. ఎవ్దాల్ట్ చోటెక్కడో తెలుసా అని అడిగింది.

"ఎవరికి తెలుస్తుందమ్మా? ఆయన చూపించి ఉంటేగా!"

అసుంప్తా రాతి మీద కూలబడింది.

"చూపిస్తానన్నాడండీ. నేనే వచ్చే ఏడన్నాను."