నది దాటితే ఒబ్దులియా పిన్ని

నది దాటి మెక్సికోలో కాలు పెడితే చాలు, ఒబ్దులియా పిన్నికి టాక్సీ బేరం పూనుతుంది. ఇవతల గ్వాటెమాలాలో, సొంత ఊళ్లో, డ్రైవరు ఎంతంటే అంత చేతిలో పెట్టి దిగిపోయే మనిషే. అవతలి గట్టెక్కితే మాత్రం ఆగదు. ఒకసారి పంటి నొప్పితో బుగ్గ వాచి నోరు తెరవలేకపోతే, వేళ్లు చూపించి బేరమాడింది. ఆమెను చూడగానే డ్రైవర్లు అద్దాలు ఎత్తేసుకుంటారని కూడా అంటారు. అది కోతలే. ఆ కార్లలో సగానికి అద్దాలు లేవు.

అలాంటి పిన్నిని ఆ రోజు కేకులు చేసే నినెత్ తోడు తెచ్చుకుంది. తప్పలేదు మరి. మెక్సికోలో ఒకరింట్లో పిల్లకి పదిహేనో పుట్టినరోజు, అక్కడది పెళ్లంత వేడుక, మూడంతస్తుల కేకు. నినెత్‌కి ఇదే మొదటి పెద్ద ఆర్డరు. బాగా కుదిరితే అవతలి గట్టంతా ఆమె పేరే చెప్పుకుంటుంది, కూలిపోతే మళ్లీ చుట్టాలకి ఊరికే చేసిపెట్టుకోవడమే. టైరు ట్యూబుల తెప్ప మీద ఇద్దరూ ఊపిరి బిగబట్టి కేకును నది దాటించారు.

టాక్సీ స్టాండులో ఎండ మాడ్చేస్తోంది.

"వంద పెసోలు," అన్నాడు మొదటి డ్రైవరు.

"ముప్పై," అంది పిన్ని.

అతను నవ్వి రేడియో పెంచాడు. రెండోవాడు పక్కవాణ్ణి పిలిచి మరీ నవ్వాడు. ఆ పక్కవాడి కారులో ఏసీ ఉంది. నినెత్ మెల్లిగా కేకును ఆ కిటికీ దగ్గరికి జరిపింది.

"నీకు దణ్ణం పెడతా పిన్నీ, ఆ వందా నేనిస్తా. క్రీము జారిపోతోంది."

"నీడలో పట్టుకో."

"నీడెక్కడుంది?"

"నా వెనక్కి రా."

పిన్ని వెనక నీడకి కొదవలేదు గానీ, క్రీముకి అది చాలలేదు. ఇంతలో వరస చివర ఓ డొక్కు కారు కనిపించింది.

"ముప్పై," అంది పిన్ని.

"ఎక్కండమ్మా," అన్నాడు దాని డ్రైవరు ఎవెలియో.

పిన్ని మారుమాట లేకుండా ఎక్కేసింది. ఒళ్లో కేకుతో నినెత్‌కి ఏడుపొక్కటే తక్కువ.

"డెబ్భై పెసోల కోసం నా కష్టమంతా కరిగించావు."

"నెమ్మదిగా మాట్లాడు," పిన్ని నినెత్ చెవిలో గొణిగింది. "నవ్వినవాళ్లు కడుపునిండా తినొచ్చారే. ముప్పైకి పెట్రోలు కూడా రాదు, అయినా రమ్మన్నాడంటే ఇతనికింకా బోణీ కాలేదు. మన ఊళ్లో ఎవరింట పొయ్యి వెలిగిందో నాకు తెలుసు. ఇక్కడ తక్కువకి అడిగితేనే గదా తెలిసేది?"

ఇన్నేళ్లూ పిన్ని పిసినారిదని అందరితో చెప్పి నవ్వింది నినెతే.

కేకు ఇల్లు చేరింది. గులాబీ ఒకటి పక్కకి ఒరిగితే పుట్టినరోజు పిల్ల వేలితో తీసుకుని అక్కడే తినేసింది. వాళ్లమ్మ వచ్చే వారానికి ఇంకో కేకు చెప్పింది. నినెత్ గాల్లో తేలుతూ బయటికి వస్తే, కారు దగ్గర మళ్లీ రభస.

"ఇదిగో వంద," అంది పిన్ని.

"ముప్పై అన్నారమ్మా. మాటంటే మాటే."

"పోనీ ఎనభై తీసుకో నాయనా."

"నేనేం ముష్టెత్తట్లేదు. ముప్పై."

పిన్ని ముఖం వాడిపోయింది. బేరంలో ఆమె ఓడిపోవడం నినెత్ ఎప్పుడూ చూడలేదు.

"ఎవెలియో గారూ," అంది నినెత్, "వారం వారం రేవు నుంచి కేకులు తేవాలి. కుదుపుల్లేకుండా తెచ్చింది మీరే. ఎంతకొస్తారు?"

అతను ఆలోచించాడు. "నలభై ఇవ్వండి."

"నూట ఇరవై," అంది నినెత్. "ఒక్క పెసో కూడా తగ్గను."

పిన్ని తాపీగా వెనక సీట్లో కూర్చుని, నినెత్ బేరమాడుతుంటే వింది.