సొరపాదు కింది ఎరువు

“తెలిసే చెప్పలేదు గదవ్వా నువ్వు!”

“అడిగితివా నన్ను? నా పేడ గంపలు గంపలు ఎత్తుకపోతాంటే, అప్పుడు అవ్వ యాడుండాదో కనపడల్యా?”

“అడిగితే చెప్తాంటివా? కసురుకుంటాంటివి.”

“కసిరితే చచ్చిపోతావా? చూడు, ఇప్పుడు పైరే చచ్చె.”

నా మనవరాలు దోసిలి నా ముఖం మీదికి చాపింది. అందులో కొర్ర మొలకలు, కంది మొలకలు. వేలెడంత కూడా ఎదగకుండానే మాడిపోయాయి. వేళ్లకు చెద పట్టింది.

అది ఎనభైల మొదట్లో మాట. అప్పుడు దానికి పద్నాలుగేళ్లు. మా పల్లె నుంచి బస్సులో ఆళ్లగడ్డ హైస్కూలుకు పోయి తొమ్మిదో తరగతి చదువుతుండేది. తోటపని నేర్పే అయ్యవారు, యూరియా లాంటి సంచుల మందు వేయకుండా తలా ఒక తుంట నేల పండించమన్నాడు. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చేయమని కూడా చెప్పాడట. నా నోటికి భయపడి పిల్ల నన్ను అడగలేదు.

బావి పక్కన రెండు సెంట్ల నేల ఉండేది. పదేళ్లుగా నంద్యాల నుంచి తెచ్చిన మందు సంచులు తప్ప ఎరువు మొహం చూడలేదు. గట్టిపడిపోయి, వాన పడితే నీళ్లు పైనే నిలిచేవి. పిల్ల ఆ తుంటే కావాలంది. నా కొడుకు, అంటే దాని నాయన, “ఈ పంటకు చూస్తా. రాలేదంటే ఆడ కళ్లం చేస్తా” అన్నాడు. కళ్లమంటే ఎద్దులతో తొక్కించి, పేడతో అలికి, కంకులు నూర్చడానికి బండలాగా చేస్తారు. ఒకసారి కళ్లమైన నేల ఇంక పైరు చూడదు.

ఆ నేలకు పేడ దక్కకపోవడానికి కారణం నేనే. ఇంటి పేడంతా పిడకలు చేసి గోడకు కొట్టేదాన్ని. కట్టెలు కొననిదాన్నని ఊళ్లో నాకు పేరు. ఆ పేరంటే నాకు ఇష్టం కూడా. అట్లాంటిది, పిల్ల నాలుగు దినాల పేడ చెప్పకుండా మోసుకుపోయేసరికి ఒళ్లు మండింది. పచ్చిపేడ పరిచి, మీదనే విత్తనం చల్లుతుంటే గట్టు మీద నిలబడి చూశాను. పచ్చిపేడ వేడి చేస్తుంది, చెదను పిలుస్తుంది. అది నాకు తెలుసు. మాడితేనే బుద్ధొస్తుందనుకొని, నోరు మెదపకుండా ఇంటికొచ్చాను.

మా అరుపులకు నా కొడుకు పశువుల కొట్టంలో నుంచి వచ్చాడు. మొలకలు చూసి, “ఇంగ చాల్లేమ్మా ఆటలు. రేపు ఎద్దుల్ని తోలుకొస్తా, కళ్లం చేద్దాం” అన్నాడు.

పిల్ల ఏడవలేదు. మొలకలు నా కాళ్ల దగ్గర వేసి, “పేడ నీ పిడకలకే పెట్టుకో అవ్వా. నాకింగ వద్దు” అని లోపలికి పోయింది.

నేను చదివింది రెండో తరగతి. సేద్యం నేర్పింది మా అత్త. అడిగినందుకు ఒకసారి కొట్టింది, అడగనందుకు ఇంకోసారి కొట్టింది. అయినా నా ఒక చేతిలో పచ్చిపేడ, ఇంకో చేతిలో మాగిన ఎరువు పెట్టి తేడా చూపింది. నేను ఆ మాత్రం కూడా చేయలేదు. ఈ పిల్ల మన్నంటే మొహం తిప్పుకుంటే ఆ పాపం నాది. ఆ సాయంత్రం చిన్న వాన పడి ఆగిపోయింది.

తెల్లారి పిల్లను చెయ్యి పట్టుకొని కొట్టం వెనక్కు తీసుకుపోయాను. అక్కడ నాలుగేళ్ల నాటి పెంటదిబ్బ మీద నా సొరపాదు అల్లుకొని ఉండేది. ఎవరినీ ముట్టనిచ్చేదాన్ని కాదు. పిందెలతో సహా పీకేశాను. అడుగున ఆకు, బూడిద, కొట్టం ఊడ్చిన పేడ అంతా కలిసిపోయి నల్లగా ఉంది. గుప్పెడు తీసి పిల్ల చేతిలో పెట్టాను.

“పిసికి చూడు. అంటుకుంటే పచ్చిది. రాలిపోతే మాగింది.”

పిసికింది. రాలిపోయింది. వాసన చూసి, “మొన్ననే చెప్పింటే నీ సొరపాదు మిగులుతాండె గదవ్వా” అంది.

“మాటలొద్దు. గంప పట్టు.”

చెద పట్టిన పేడంతా పారతో గీకి దిబ్బ గుంతలో మాగడానికి వేశాము. పదకొండు గంపల ఎరువు మోశాము. నా కొడుకు ఎద్దులను తోలుకొని వచ్చేసరికి ఇద్దరం తుంట మధ్యలో ఉన్నాము.

“నాయనా, కళ్లం ఇంకోచోట చూసుకో” అన్నాను. వాడు మా ఇద్దరినీ చూసి, వెనక్కిపోయి మడక కట్టుకొచ్చాడు. ఎరువు కలిసేలా రెండు చుట్లు దున్నాడు. పిల్ల సాళ్లలో కొర్ర వేసింది, నాలుగు సాళ్లకొకటి కంది. వెనకాల నేను కాలితో మన్ను కప్పుకుంటూ పోయాను. పిల్ల ఎక్కాల్సిన బడి బస్సు వెళ్లిపోయింది.

ఆ పొద్దు పేడంతా దిబ్బ గుంతలో వేశాను, గోడకు పిడకలు కొట్టలేదు. కందికట్టె విరిచి పొయ్యిలో పెట్టి సంగటి చేశాను.