గాటు ఏ కనుబొమ్మ మీద?

2023 వానాకాలం. రాష్ట్ర సరిహద్దు అవతల, ఇనుప గనుల ఊరు బచేలీ. అక్కడి టౌన్‌షిప్ బజారులో నా దుకాణం. ముందు భాగంలో జిరాక్సు మిషను, వెనక చెక్క అడ్డు అవతల రెండు కంప్యూటర్లు. ఆ వెనక గదిలోనే చాలా ఏళ్లుగా వెబ్‌సైట్లు తయారు చేస్తున్నాను. ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి గనిలో పనికి వచ్చారు. నేను ఇక్కడే పుట్టి, ఇంటర్‌తో చదువు ఆపి, దుకాణంలో గిరాకీ లేని మధ్యాహ్నాలు కంప్యూటర్ ముందు కూర్చుని తప్పులు చేస్తూ నేర్చుకున్నాను. జగదల్‌పూర్, గీదం, దంతెవాడల్లో పెళ్లిళ్లకు ఫోటోలు తీసేవాళ్లలో కొందరి వెబ్‌సైట్లు నేను చేసినవే.

ఫోటోల వెబ్‌సైటు అంటే అందానికి సంబంధించిన పని అనుకుంటారు. నాకు మాత్రం అది మొదట బరువు లెక్క. కెమెరాలోంచి వచ్చిన ఫోటో ఒక్కొక్కటి ఆరేడు ఎంబీలు ఉంటుంది. అలాంటివి నలభై ఒకే పేజీలో పెడితే హైదరాబాదులో వెంటనే తెరుచుకోవచ్చు, మా వైపు ఊళ్లలో చూసేవాడు విసుగొచ్చి ఫోను జేబులో పెట్టుకుంటాడు. అందుకని ప్రతి ఫోటోకీ థంబ్‌నెయిల్ అనే చిన్న నకలు చేస్తాం. అది ఇరవై కేబీలకు మించకుండా చూస్తాను. వేలితో పైకి జరిపే కొద్దీ కింది ఫోటోలు ఒక్కొక్కటే దిగేలా పెట్టడాన్ని లేజీ లోడింగ్ అంటారు. పేరు బద్ధకమే గాని, మా సిగ్నల్‌కి అంతకంటే పనికొచ్చేది లేదు.

ఆ వానాకాలంలో విజయ అనే ఆవిడ నా దగ్గరికి వచ్చింది. బచేలీలోనే స్కూల్లో హిందీ చెబుతుంది. వాళ్ల నాన్న ఒకప్పుడు ఇక్కడ స్టూడియో నడిపేవాడు. వారంలో కొన్ని రోజులు టౌన్‌షిప్ కుటుంబాలకు ఫోటోలు తీసి, మిగతా రోజులు జీపు పట్టుకుని సంతలకు పోయేవాడు. నకుల్‌నార్, అరన్‌పూర్, జగర్గుండా. సంతలో రెండు వెదురు గడలు పాతి, తెల్ల దుప్పటి కట్టి, దాని ముందు మనిషిని నిలబెట్టి తీసేవాడు. తర్వాత నక్సలైట్లకూ పోలీసులకూ మధ్య గొడవలు వచ్చి ఆ దారి మూసుకుపోయింది. ఊళ్లకు ఊళ్లు చెదిరిపోయాయి. ఇళ్లలో గోడలకు తగిలించిన ఫోటోలు ఇళ్లతోపాటే పోయాయి. ఆయన చనిపోయాక ఇంట్లో మిగిలినవి రెండు ట్రంకుపెట్టెల నెగెటివ్‌లు.

ప్రతి వానాకాలం వాటికి బూజు పట్టి కొన్ని పోతున్నాయని విజయ చెప్పింది. అవి ఎవరి మొహాలో వాళ్లకు చేరాలని ఆవిడ పట్టుదల. పాత కాగితం కవర్ల మీద సంత పేరు తప్ప మనిషి పేరు లేదు. అందుకని సంతల వారీగా ఫోటోలు పెట్టి, చూసినవాళ్లు తమవాళ్లను తామే గుర్తుపట్టేలా వెబ్‌సైటు కావాలంది. నేను ఒక్క షరతు పెట్టాను. ఇవి మనుషుల్ని అడిగి ఎక్కించే పెళ్లి ఫోటోలు కావు, అందుకని గూగుల్‌లో వెతికితే కనబడకూడదు, లింకు మనం పంపినవాళ్లకే తెరుచుకోవాలి. ఆవిడ ఒప్పుకుంది.

నెగెటివ్‌ల నకళ్లు తీసే పని ఆవిడే చేసింది. టాబ్లెట్ తెరను తెల్లగా వెలిగించి, దాని మీద నెగెటివ్ పెట్టి, పైనుంచి కెమెరాతో తీసి, అంచులు కత్తిరించి నాకు పంపేది. నేను వాటిలో నలుపును తెలుపుగా, తెలుపును నలుపుగా మార్చి, బొమ్మ వంకర సరిచేసి, బరువు తగ్గించి ఎక్కించేవాణ్ణి. కొందరి పైట ఎడమ భుజం మీద, కొందరిది కుడి భుజం మీద కనబడింది. మా టౌన్‌షిప్‌లో అదేమీ వింత కాదు. తెలుగువాళ్లు ఎడమ వైపు వేసుకుంటారు, హిందీవాళ్లు కుడి భుజం మీదుగా ముందుకి. ఏ సభలో చూసినా రెండూ పక్కపక్కనే కూర్చుంటాయి. నేను చూశాను, మామూలే అనుకున్నాను.

లింకు వాట్సాప్‌లో ఒకరినుంచి ఒకరికి పోయింది. కార్తీకంలో సరిహద్దు దగ్గరి తర్లగూడ నుంచి ఫోను వచ్చింది. చేసినతను కన్నయ్య. మాట్లాడింది మాత్రం వాళ్ల అక్క ముత్తక్క. వీళ్లది జగర్గుండా అవతల పల్లె. కన్నయ్య పాలు తాగే వయసులోనే తల్లి పోయింది. తర్వాత ఊరు వదిలి, ఎక్కడెక్కడో తిరిగి తర్లగూడలో బంధువుల దగ్గర చేరారు. తమ్ముణ్ణి ముత్తక్కే పెంచింది. మాఘంలో అతని పెళ్లి. పందిట్లో తల్లి ఫోటో పెట్టి దండ వేసి, ఆమె ముందు తమ్ముణ్ణి కూర్చోబెట్టాలని ముత్తక్క కోరిక. తమ్ముడు తల్లి మొహం ఎరగడు. ఆ మొహం తెలిసిన మనిషి ఇప్పుడు ఇంట్లో ఆమె ఒక్కతే.

తల్లి సంతలో ఫోటో దిగిన రోజు ముత్తక్కకు గుర్తుంది. తల్లీకూతుళ్లిద్దరినీ కలిపి తీస్తానన్నాడట ఫోటో ఆయన. ఆ కెమెరా పెట్టెను చూసి జడుసుకుని ఈమె ఏడుస్తూ పారిపోయింది. అందుకని తల్లి ఒక్కతే దిగింది. జగర్గుండా సంత పేజీలో ఒంటరిగా నిలబడ్డ ఆడవాళ్ల ఫోటోలన్నీ ముత్తక్క చూసింది. ఒకదాని దగ్గర ఆగింది. ఆగింది గాని, కాదంది.

ఎందుకు కాదని అడిగాను. ఆమె ఇలా చెప్పింది.

"పోలిక మొత్తం మా అమ్మదే అన్నా. కానీ కనుబొమ్మ మీద గాటు ఇటు లేదు. నేను గోడ పక్కన పండేదాన్ని. అమ్మ ఎల్లెలికల పంటే ఆ గాటు నా దిక్కు ఉండేది. వేలు పెట్టి రాస్త పండేదాన్ని. ఈమెకు అవతల తలుపు దిక్కు ఉంది."

వెనకనుంచి కన్నయ్య అందుకున్నాడు. పోలిక ఉందన్నావు గదా, చాలదా, పెళ్లికి ఏదో ఒకటి ఉంటుంది గదా అని.

"పోలిక ఉన్నోళ్లు సంతకు పదిమంది దొరుకుతరు. అందరికీ దండేస్తవారా?" అందామె. ఆ తర్వాత నాతో మెల్లగా, "ఏందన్నా, ఇంకో పెట్టె ఏమన్నా మిగిలిందా?" అని అడిగింది. మిగల్లేదు. రెండు పెట్టెలూ అయిపోయాయి.

ఫోను పెట్టేసిన వెంటనే నాకు తట్టింది. గాటు ఉంది, చోటు సరిపోయింది, వైపు మాత్రం తప్పింది. బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటే? ఫోటోల సాఫ్ట్‌వేర్‌లో ఫ్లిప్ అని ఒక బటన్ ఉంటుంది, ఎడమను కుడి చేస్తుంది. విజయ దుకాణానికి వస్తే సంగతి చెప్పాను. ఆవిడ కుర్చీలోంచి లేచినంత పని చేసింది.

"ఒక్క క్లిక్ పని కదా అన్నయ్యా. తిప్పి పంపేయండి, బస్, అంతే."

"పంపితే ఆవిడ అవునంటుంది. అది ఆవిడ గుర్తుపట్టినట్టా, మనం ఒప్పించినట్టా? గాటు ఇటు ఉండాలని ఆవిడే చెప్పింది. మనం ఇటు పెట్టి చూపిస్తే ఇంక కాదనడానికి ఆవిడకేం మిగిలింది?"

"మీరు పొద్దున్నే అద్దంలో చూసుకుని కూడా ఇది నేనే అనడానికి సాక్ష్యమేంటని అడుగుతారు కాబోలు" అంది విజయ. నవ్వుతూనే అంది గాని, కోపం కూడా ఉంది. పెళ్లి దగ్గర పడుతోంది.

నేను కదల్లేదు. ముత్తక్క మాటతో పని లేకుండా, ఆమె అడిగిన గాటుతో పని లేకుండా, బొమ్మ తిరగబడిందని వేరే దారిలో తేలాలి. తేలకపోతే ఆ ఫోటో ఆమెకు మళ్లీ చూపించకూడదు.

మగవాళ్ల చొక్కాలు గుర్తొచ్చాయి. చొక్కాకి ఒక్క జేబే ఉంటే అది ఎడమ రొమ్ము మీద ఉంటుంది. దర్జీ ఎవరైనా, ఊరు ఏదైనా అంతే. వెబ్‌సైటులో జేబు చొక్కాలున్న ఫోటోలన్నీ తీసి, విజయ నాకు పంపిన వరుసలో పెట్టి లెక్కపెట్టాను. ముందు పంపిన వాటిలో దాదాపు అందరి జేబులూ కుడి వైపు ఉన్నాయి. చివర్లో పంపిన వాటిలో అందరివీ ఎడమ వైపే. కుడి వైపు జేబులు కుట్టించుకునే ఊరు ఈ భూమ్మీద ఎక్కడా లేదు. బొమ్మలు తిరగబడ్డాయి, అవీ అన్నీ కాదు, కొన్ని.

విజయను అడిగితే ఆవిడకే కారణం గుర్తొచ్చింది. నెగెటివ్‌కు ఒక వైపు నిగనిగలాడుతుంది, రెండో వైపు మందంగా ఉంటుంది. బొమ్మను పట్టి ఉంచే పూత ఆ మందంగా ఉన్న వైపు ఉంటుంది, దాన్ని ఎమల్షన్ అంటారు. నిగనిగలాడే వైపు పైకి పెడితే బొమ్మ సరిగా వస్తుంది. ఆవిడ గదిలో ట్యూబ్‌లైటు ఆ నున్నటి వైపు మీద పడి కెమెరాలో మెరిసేదట. ఆ మెరుపు పోవడానికి తిప్పి పెట్టింది. కొన్నాళ్లకు లైటు ఆర్పి తలుపుకి నల్లగుడ్డ కట్టుకుంది, ఇక మెరుపు లేదు, మళ్లీ సరిగా పెట్టింది. ఎప్పటినుంచి మార్చిందో గుర్తులేదు. తెల్ల దుప్పటికి కుడి ఎడమలు లేవు. పైటలు ఎలాగూ రెండు వైపులా ఉంటాయి. వేరే ఊళ్లో అయితే పైట చూసి మొదటి రోజే పట్టుకునేవాళ్లు.

ఇబ్బంది ఏమిటంటే ముత్తక్క ఆగిన ఫోటో సరిగ్గా మధ్యలో ఉంది. దానికి ముందు కుడి జేబు, దాని తర్వాత కుడి జేబు, ఆ తర్వాత ఎడమ జేబు, మళ్లీ కుడి. విజయ ఆ రోజుల్లో రెండు రకాలుగానూ పెట్టి ఉండాలి. జేబుల లెక్క అక్కడితో ఆగిపోయింది. ఇక మిగిలింది అసలు నెగెటివ్ ఒక్కటే.

ఆదివారం ఇద్దరం విజయ ఇంటి వరండాలో కూర్చుని జగర్గుండా కవర్లన్నీ ఒక్కొక్కటే విప్పాం. మధ్యాహ్నానికి ఆ నెగెటివ్ దొరికింది. ఒక మూల బూజు పాకింది, మొహం దాకా రాలేదు. పక్కకు వంచి వెలుతురులో పెట్టి చూశాం. నిగనిగలాడే వైపు విజయ బొటనవేలికి తగులుతోంది. అంచున కంపెనీవాళ్లు అచ్చు వేసిన ఫ్రేము అంకె కూడా ఆ వైపునుంచి చూస్తేనే సరిగ్గా చదవడానికి వచ్చింది. విజయ అంచులు కత్తిరించి పంపేది కాబట్టి ఆ అంకెలు అంతవరకు నా కంట పడలేదు. అలా పట్టుకుని మా వెబ్‌సైటులోని బొమ్మ పక్కన పెట్టాం. కుడి ఎడమలు తారుమారు.

"ఇప్పుడు తిప్పొచ్చా సార్?" అంది విజయ. ఆవిడ నన్ను సార్ అనడం అదే మొదలు, అదే ఆఖరు.

కంప్యూటర్‌లో తిప్పలేదు. నెగెటివ్‌ను సరైన వైపు పెట్టి కొత్తగా నకలు తీసి, జగదల్‌పూర్‌లో పెద్ద సైజు ప్రింటు వేయించాం. ఫోనులో పంపడం నాకు ఇష్టం లేకపోయింది. విజయ సెలవు పెట్టింది. గీదం, బీజాపూర్, భోపాల్‌పట్నం మీదుగా బస్సులు మారి, అక్కణ్ణుంచి జీపులో తర్లగూడ చేరాం. ఏం తెస్తున్నామో ముందుగా చెప్పలేదు. ఇంకో ఫోటో చూపించాలి, వస్తున్నాం అని మాత్రం చెప్పాను.

ముత్తక్క నేను అనుకున్నదానికంటే వయసులో చిన్నది. ముప్పై దాటిందేమో. వాకిట్లో మంచం వేసి, మాకు నీళ్లిచ్చి, చేతులు కొంగుకి తుడుచుకుని ప్రింటు అందుకుంది. కన్నయ్య ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు. గాటు సరైన వైపు కనబడగానే అవునంటుందనుకున్నాను. అనలేదు. బొటనవేలు ఆ కనుబొమ్మ మీద పెట్టి గాటు కనబడకుండా మూసేసింది. మూసి మిగతా మొహం చూసింది. నుదురు, ముక్కు, నోరు, మెడ. కాసేపటికి వేలు తీసి, ప్రింటును దూరంగా పట్టుకుని మళ్లీ చూసింది.

"అమ్మ" అంది. మాతో కాదు, తమ్ముడితో.

కన్నయ్య ప్రింటు తీసుకున్నాడు. తర్వాత అమ్మ ఎట్ల మాట్లాడేది అని అడిగాడు. నీతో మాట్లాడే టైమే దొరకలేదు ఆమెకు, నాకు మాత్రం తిట్లు మస్తుగా పడ్డయి అంది ముత్తక్క. ఆ తిట్లు ఏమిటో ఒక్కొక్కటే తమ ఇంటి దొర్లీ భాషలో చెప్పడం మొదలుపెట్టింది. కన్నయ్య నవ్వాడు. మాకు సగం అర్థమయ్యాయి, సగం కాలేదు.

మాఘంలో పెళ్లి అయ్యింది. ఈలోగా విజయ అనుమానం ఉన్న నెగెటివ్‌లన్నీ మళ్లీ తీసింది. అంతకుముందు చూసి మావాళ్లు కాదని చెప్పినవాళ్లందరికీ నేను ఫోను చేసి ఇంకోసారి చూడమన్నాను. కొందరికి తమవాళ్లు దొరికారు, కొందరికి ఇంకా దొరకలేదు. ఇప్పుడు పాత నెగెటివ్‌ల పని ఏది వచ్చినా అంచులు కత్తిరించకుండా పంపమంటాను. ఎక్కించే ముందు ఒక జేబు చొక్కా వెతుకుతాను.

ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. ఫోటో చూసి అవును అనేవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లకు అది కావాలి కాబట్టి. కాదు అన్న మనిషి దగ్గర ఆగి, ఎందుకు కాదో పూర్తిగా వినాలి. పెళ్లి దగ్గర పడుతున్నా, తమ్ముడు సరిపెట్టుకోమంటున్నా, తనకు అంతగా కావలసినదాన్ని వద్దని పక్కన పెట్టిన మనిషి మాటకు తూకం ఎక్కువ.