అసలు ప్రతి భద్రం

వర్షపాత విభాగంలో ఆయన్ని అందరూ వానాయన అనేవారు. ఆయనకు చెప్పకుండా చినుకు నేల మీద వాలదని ఆఫీసులో ఒక ఛలోక్తి. కురిసిన ప్రతి చినుకూ పట్టికకెక్కాలి, ఎక్కిన పట్టిక ఎక్కడికీ పోకూడదు. ఆయనకు తెలిసిన ధర్మశాస్త్రం ఇంతే. ఇంట్లోనూ అదే వరస. ఎప్పుడో పాడైపోయిన ఫ్యాను గ్యారంటీ కార్డు ఇప్పటికీ అట్టపెట్టెలో పదిలంగా ఉంది. "ఆ కార్డు చూపిస్తే ఫ్యాను లేచి తిరుగుతుందా?" అని భార్య అడిగితే, "తిరగదు. కానీ ఒకప్పుడు తిరిగిందనడానికి రుజువుండాలి కదా!" అనేవాడు.

అటువంటి మనిషి చేతికి డైరెక్టరుగారి సర్క్యులరు అందింది. కంప్యూటరు వ్యవస్థను అప్‌గ్రేడ్ చేయబోతున్నందున, ప్రతి ఉద్యోగీ మిషనులో తన సొంత జాగా అయిన హోమ్ ఫోల్డరుకు భద్రతార్థం ఒక ప్రతి తీసి ఉంచుకోవలెనని దాని సారాంశం. ఎక్కడ ఉంచుకోవలెనో మాత్రం అందులో లేదు. సర్క్యులరు రాసేవారు ఆజ్ఞాపిస్తారు గాని ఆలోచించరు; ఆ రెండో పని కిందివాళ్ళకు వదిలేస్తారు. కిందివాళ్ళూ ఆలోచించలేదు. ఇల్లు కాలిపోతుందేమోనని నగలను అదే ఇంటి అటక మీదికి చేర్చినట్టు, అందరూ ఆ ప్రతిని అదే ఫోల్డర్లో దాచుకున్నారు.

వానాయన మరో మెట్టు పైకెక్కాడు. అసలు ప్రతిని ముట్టుకుంటే ఏ అక్షరం చెదురుతుందోనని దాన్ని అలాగే ఉంచి, రోజువారీ పనంతా నకలులో చేయసాగాడు. అరిగిపోతాయని చెప్పులు చేతబట్టుకుని ముళ్ళమీద నడిచేవాడి జాగ్రత్త అది. సర్క్యులరు వచ్చిన ఏడాదికి గాని అప్‌గ్రేడ్ రాలేదు. ఏడాది పనంతా నకలులోనే పేరుకుంది.

కొత్త వ్యవస్థ ఒక్కొక్కరికీ జాగా కొలిచి ఇచ్చింది. మొదటిరోజు పొద్దున్నే వానాయన పాస్‌వర్డ్ కొట్టాడు. తెర ఒకసారి మిణుకుమని, మళ్ళీ పాస్‌వర్డే అడిగింది. ఈసారి ఒక్కో అక్షరాన్నీ వేలితో పొడుచుకుంటూ కొట్టాడు. మళ్ళీ అదే ప్రశ్న.

మిషను గది చూసుకునే అమ్మాయిని ఆఫీసంతా సర్వరమ్మ అంటుంది. ఆమె తన తెర మీద ఆయన ఫోల్డరు తెరిచి చూసి నవ్వింది.

"పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టారు బాబాయ్. మీ హోమ్ ఫోల్డరు, అదే మీ ఇల్లు, నిండిపోయింది. మీరు లోపలికొచ్చేటప్పుడు మిషను చిన్న చీటీ ఒకటి రాసుకోవాలి. ఆ చీటీకి కూడా చోటు లేదు. అందుకే గుమ్మంలోంచే పంపించేస్తోంది."

"నా ఇంట్లోకి నన్నే రానివ్వదా?"

"మీరు తప్ప అన్నీ ఉన్నాయి మరి ఇంట్లో."

"మీ పిన్ని కూడా ఇదే మాటంటుంది లేమ్మా. త్వరగా చూడు. సాయంత్రం సమావేశం ఉంది."

ఆ సమావేశం మామూలుది కాదు. వాగు పక్కన లేవబోయే కొత్త కాలనీలో ఇళ్ళు వాగుమట్టానికి ఎంత ఎత్తు దాటాక కట్టుకోవచ్చో ఆ రోజే కమిటీ సభ్యులు గీత గీస్తారు. ఆ గీతకు ఆధారం వానాయన పట్టిక. అందులో ఒక వరదేడాది ఉంది. ఆ ఏడాది వానకొలత గొట్టం పొంగిపోతే, కుర్రతనంలో ఉన్న వానాయనే తడుస్తూ నిలబడి, కొలిచి, పారబోసి, మళ్ళీ కొలిచాడు. అంత వాన కురవడం అసంభవమంటూ ఇప్పటి డైరెక్టరుగారు ఆ అంకె పొరపాటని తీర్మానించి సగటులోంచి తీసేశారు. అది పొరపాటు కాదని చుట్టుపక్కల కేంద్రాల లెక్కలతో నిరూపించే పట్టికను వానాయన ఏడాదిగా కూర్చాడు. చివరి పేజీ ఒక్కటే మిగిలింది. కొత్త నిబంధన ప్రకారం నివేదిక పంపాలంటే ఎవరికి వారు తమ ఖాతాలోంచే పంపాలి.

వానాయన డైరెక్టరుగారికి ఫోను చేశాడు.

"ఒక్కరోజు వాయిదా వేయించండి సార్."

"మీ పట్టిక రాకపోతే కొంపలేం మునగవండీ. సగటుతో కానిచ్చేద్దాం."

"మునిగేవి కొంపలే సార్" అన్నాడు వానాయన. అప్పటికే అవతల ఫోను పెట్టేశారు.

సర్వరమ్మ తెర చూపించింది. "రెండున్నాయి బాబాయ్. అసలూ, నకలూ. నకలు తీసేయనా?"

"తీసెయ్. అసలు భద్రంగా ఉంటే చాలు" అన్నాడాయన, అలవాటు కొద్దీ.

నకలు మాయమైంది. నిండిన ఇల్లు మాత్రం వెంట్రుకవాసి కూడా ఖాళీ కాలేదు.

"ఇదేం చోద్యం?"

"చెత్తబుట్ట కూడా మీ ఇంట్లోనే ఉంటుంది బాబాయ్. ఊడ్చి మూలకు చేర్చాం, అంతే. బుట్ట బయట పారబోస్తే తప్ప చోటు రాదు. పారబొయ్యనా?"

ఆమె వేలు మీట మీదికి వెళ్తుండగా ఆయన ఆ చేతిని పట్టుకున్నంత పనిచేశాడు. "ఆగమ్మా! అసలులో నేను కూర్చిన వరదేడాది రుజువు పట్టిక ఉందా?"

ఆమె వెతికింది. "లేదే. ఇందులో అన్నీ నిరుటిదాకా చేసినవే."

వానాయన తెర మీదికి వంగి తానూ వెతికాడు. అసలు భద్రంగానే ఉంది, ఏడాది వెనక నిద్రపోతూ. బతికున్న పనంతా చెత్తబుట్టలో ఉంది.

సర్వరమ్మ నకలును బుట్టలోంచి పైకి తీసి యథాస్థానంలో పెట్టింది. పట్టిక చెక్కుచెదరలేదు.

"పోనీ అసలు తీసేద్దామా? అందులో ఉన్నవన్నీ నకలులో ఉన్నాయి. సరిచూశాను."

"అసలునా! అసలునెవరైనా పారేస్తారా?"

"గొట్టం నిండితే ఏం చేస్తారు బాబాయ్?"

"కొలిచి, పారబోసి, మళ్ళీ పెడతాం."

"పారబోయకపోతే?"

పారబోయకపోతే ఆపైన కురిసిన వానంతా లెక్కలోకి రాకుండా పోతుంది. కొత్తగా చేరే ప్రతివాడికీ ఆ పాఠం చెప్పినవాడు తానే. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నువ్వు జరుగమ్మా" అని తానే మీట నొక్కాడు. తరవాత బుట్టనూ తానే ఖాళీ చేశాడు. ఈసారి పాస్‌వర్డ్ కొట్టగానే తలుపు తెరుచుకుంది. చివరి పేజీ ముగించి, సభ్యులు కుర్చీల్లో సర్దుకుంటుండగా పట్టిక పంపాడు.

గీత పైకి జరిగింది. వాగు అంచున గీసిన ఇళ్ళ స్థలాలన్నీ నమూనాలోంచి చెరిగిపోయాయి.

కొన్నాళ్ళకు సమావేశపు తీర్మానాల ప్రతి అందరికీ వచ్చింది. డైరెక్టరుగారి దూరదృష్టితో ఏర్పాటైన అధునాతన వ్యవస్థ వల్లనే వరదేడాది సమాచారం వెలుగు చూసిందని అందులో ఉంది. వానాయన పేరు లేదు. ప్రతి ఉద్యోగీ దీనికొక నకలు తన హోమ్ ఫోల్డర్లో భద్రపరచుకోవలెనని అడుగున ఉంది.

"దాచుకుంటారా బాబాయ్?" అంది సర్వరమ్మ, నవ్వు ఆపుకుంటూ.

"దీని అసలు ఎవరి దగ్గరుంది?"

"డైరెక్టరుగారి దగ్గర."

"అయితే భద్రంగానే ఉంటుందిలే. ఆయనెలాగూ ముట్టుకోరు" అని వానాయన దాన్ని చెత్తబుట్టలో వేసి, బుట్ట పారబోశాడు.