పాస్టరుగారి పద్నాలుగు బతుకులు

చరిత్ర మాస్టారికి ఒకే ఒక్క జబ్బు. కాలేజీ పుట్టుపూర్వోత్తరాలు ఒకసారి చెప్పినట్టు ఇంకోసారి చెప్పేవారు కాదు. చర్చి వెనక రేకుల షెడ్డులో, రెండు బల్లలతో, పదకొండు మంది పిల్లలతో మొదలైందన్నంత వరకు మాట మారేది కాదు. దాన్ని పెట్టిన పాస్టరుగారి దగ్గరికి వచ్చేసరికే ఆయన నోటికి పట్టపగ్గాలుండేవి కావు. సోమవారం పాస్టరుగారికి నత్తి. మంగళవారం కుంటికాలు. ఆ పై వారం లెక్కల్లో మూడుసార్లు తప్పినవాడు.

"మావయ్యా! మొన్న ఆయనకి అన్నదమ్ముల్లేరన్నావు. ఇవాళ అన్న ఇంట్లోంచి గెంటేశాడంటావేంటి?" అని మేనకోడలు నిలదీసేది. ఆమె ఆయన దగ్గరే చదివి, అదే కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరింది.

"లేని అన్న గెంటేస్తే ఇంకా బాధ కదే!" అనేవారు, తడుముకోకుండా.

షెడ్డు పోయి మేడ లేచింది. ప్రార్థనా మందిరం, లైబ్రరీ, హాస్టలు వచ్చాయి. పాస్టరుగారి కష్టాలు కూడా అంతస్తు మీద అంతస్తు లేచాయి.

కాలేజీకి యాభై ఏళ్లు నిండబోతుండగా మాస్టారు పోయారు. నెల తిరక్కుండానే ప్రిన్సిపాలుగారు మేనకోడలిని పిలిచారు. ఆయనా మాస్టారి శిష్యుడే.

"ప్రత్యేక సంచికకి కాలేజీ చరిత్ర నువ్వే రాయాలమ్మా. నిజం మాత్రమే. మీ మావయ్య కోతలు ఒక్కటి కనబడినా అచ్చుకి పంపను."

ఆమె మాస్టారి బీరువా తెరిచింది. పై అరలో ఆయన కళ్లజోడు కనబడగానే ఏడుపు ఆగలేదు. కింద అరలో పాస్టరుగారి సర్టిఫికెట్లు, ఫొటోలు, ఉత్తరాలు తేదీల వారీగా కట్టి ఉన్నాయి. పాస్టరుగారు కలిగినింటి ఏకైక సంతానం. అన్నిట్లో ఫస్టు. నిలబడితే రెండు గంటలు గడగడా ప్రసంగించేవాడు. ఇంత తెలిసి కూడా మావయ్య ఎందుకలా కథలల్లారో ఆమెకి అంతుపట్టలేదు.

సంచిక కోసం పాత విద్యార్థుల ఉత్తరాలు రావడం మొదలైంది. 'నత్తి వల్ల చదువు మానేద్దామనుకున్నాను. పాస్టరుగారికీ నత్తేనని మాస్టారు చెప్పారు. ఇప్పుడు నేను వకీలుని.' 'లెక్కల్లో తప్పి పెట్టె సర్దుకున్న రోజున...' అలా పదమూడు వచ్చాయి. పద్నాలుగోది ఆమెదే. తను పాఠం చెప్పిన మొదటి రోజున నోరు పెగలక, బోర్డు తుడిచి బయటికి వచ్చేసింది. "పాస్టరుగారూ అంతేనే. రెండుసార్లు తుడిచాడు" అన్నారు మావయ్య. ఆమె నమ్మేసింది, మర్నాడు మళ్లీ క్లాసుకి వెళ్లింది.

నిజమే రాయాలన్నారు గనక ఆ పద్నాలుగు కథలూ తీసేసింది. ఒక్కొక్కటీ తీసేస్తుంటే మావయ్యని మళ్లీ సాగనంపుతున్నట్టే అనిపించి కుమిలిపోయింది.

ప్రిన్సిపాలుగారు కాగితాలు చదువుతూ చదువుతూ ఆగారు.

"పాస్టరుగారి తల్లి హాస్టల్లో అంట్లు తోమలేదా?"

"లేదు సార్. వాళ్లింట్లోనే ఇద్దరు పనివాళ్లుండేవాళ్లు."

"మా అమ్మ తోమింది. ఈ హాస్టల్లోనే." ఆయన కాగితాలు బల్ల మీద పెట్టారు. "ఆ ఒక్కటీ ఉండనీమ్మా."

"అది అబద్ధం కదా సార్?"

"మాస్టారు చెప్పేవారని రాయి. అది నిజమేగా?"

ఆమె కళ్లు తుడుచుకుంది. "అయితే బోర్డు రెండుసార్లు తుడిచింది కూడా రాయొచ్చా సార్?"

"అదెవరికి చెప్పారు?"

"నాకే సార్."

"రెండుసార్లెందుకు, మూడుసార్లని రాయి" అన్నారు ప్రిన్సిపాలుగారు.