చివరి బెంచీకి వినపడాలని కట్టిన గోడ

మా బడిలో సైన్సు చెప్పి రిటైరైన సారు పోయిన వారం డోన్‌లో కన్నుమూశారు. నేను తెలుగు పాఠం చెబుతుంటే అటెండరు గుమ్మంలో నిలబడి ఆ కబురు మెల్లగా చెప్పాడు. హైవే పక్క గదిలో మెల్లగా చెప్పిన మాట నా దాకా వచ్చిందంటే అదీ సారు చలవే.

రోడ్డు వెడల్పు చేశాక లారీల మోతకు అందరం అరిచి పాఠాలు చెప్పేవాళ్లం. సారు గొంతు దెబ్బతింది. ఇంకా అరిస్తే మాట పోతుందని కర్నూలు డాక్టరు చెప్పాడు. ఆఫీసు పనికి మారమని మేమంతా సలహా ఇచ్చాం. సలహాలకు మా దగ్గర కొదవ లేదు.

"పాఠం చెప్పకుండా బడికొచ్చి ఏం చేయాలప్పా?" అన్నారాయన.

మోతకే ఏదైనా అడ్డం కట్టాలన్నారు. రోడ్డువైపు కానుగ చెట్లు దట్టంగానే ఉన్నాయి, అవి చాలవా అన్నాను. సారు చివరి బెంచీలో కళ్లు మూసుకుని కూర్చుని, నన్ను బల్ల దగ్గర నిలబడి పద్యం చదవమన్నారు. "గొంతు పెంచద్దు. వినపడకపోతే నేనే చెయ్యెత్తుతా."

మాటిమాటికీ ఎత్తుతూనే ఉన్నారు. చెట్లు లారీని చాలామటుకు దాచాయి గానీ మోతను ఆపలేదు. నర్సరీల్లో వాడే పచ్చ వల కట్టించారు. దుమ్ము తగ్గింది, చెయ్యి మాత్రం లేస్తూనే ఉంది.

తర్వాత మన చేల చుట్టూ పాతినట్టే నాపబండలు నిలబెట్టించారు. కొంత నయమైంది. బండకూ బండకూ మధ్య వేలు దూరే సందులున్నాయి. మేకలు దూరని కంచె మోతకూ సరిపోతుందని అనుకున్నాం మేము.

"మోతకు కొమ్ములుండవప్పా, దానికి సందు చాలు," అని సిమెంటు పెట్టించారు. బాగా తగ్గింది. అయినా హారన్లు పైనుంచి వచ్చేవి. బెంచీలో కూర్చుంటే బండల పైన, కొమ్మల మధ్య లారీ క్యాబిన్ కనపడుతూనే ఉంది మరి. చివరికి మట్టికట్ట పోయించి, బండలు దానిమీదికి ఎక్కించి, సందులు మళ్లీ పూడ్పించారు.

ఆ రోజు పద్యమంతా చదివాను. చెయ్యి లేవలేదు. నిద్రపోయారేమోనని దగ్గరికి వెళ్లాను. కళ్లు తుడుచుకుంటున్నారు.

"మోత యాడికీ పోలేదప్పా, తగ్గిండాది. మనకింత చాలు."

రోడ్డు అవతలి టీ అంగడాయన మాత్రం ఊరుకోలేదు. "ఏం సారూ, మీ మోతంతా నా అంగట్లోకి తోసినారే," అన్నాడు. గోడ కొంత మోతను తిప్పికొడుతుందని సారు ఒప్పుకున్నారు. ఆ తప్పుకు రోజూ అక్కడే టీ తాగేవారు. ఆ టీ ఏమంత బాగుండదు.

రిటైరయ్యేదాకా ఆయన అదే మెత్తని గొంతుతో పాఠం చెప్పారు. నేనూ అరవడం మానేశాను. ఆయనకు ఎంతో రుణపడి ఉన్నాను.

నిన్న సంతాప సభ ఆ గదిలోనే పెట్టాం. మైకు తెస్తామంటే వద్దన్నాను. పిల్లలు చివరి బెంచీ ఖాళీగా వదిలేశారు. బల్ల దగ్గర నిలబడి అదే పద్యం అందుకున్నాను. సగంలో గొంతు పూడుకుపోయింది. నా మాట నాకే వినపడలేదు. చివరి బెంచీ వైపు చూశాను.

అక్కడ చెయ్యి లేవలేదు.